హెచ్.ఐ.వి. ఉన్నవారిలో సిఫిలిస్ – విస్మరించరాని జంట ముప్పు

ఏ.ఆర్.టి. మందులు క్రమం తప్పక వాడేవారి రక్తంలో హెచ్.ఐ.వి. పరీక్షకు అందని స్థాయికి తగ్గుతుంది. ఆ స్థాయి నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా వారి నుండి ఇతరులకు హెచ్.ఐ.వి. సోకదు. అయితే ఈ మందులు సిఫిలిస్ (సవాయి) వ్యాధిని నిరోధించలేవు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 15-49 ఏళ్ల వయస్కులలో సుమారు 80 లక్షల మందికి కొత్తగా సిఫిలిస్ సోకినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఒకే మార్గం

రెండు వ్యాధులూ లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తాయి. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి లేకుండా ఏర్పడి, కొన్ని వారాలలో దానంతట అదే మానిపోతుంది. రోగి నయమైందని భ్రమపడినా క్రిమి శరీరంలోనే ఉంటుంది. ఆ పుండు హెచ్.ఐ.వి. ప్రవేశానికి ద్వారమవుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మెదడు, కన్ను దెబ్బతినే ప్రమాదం అధికం.

చౌకైన చికిత్స

తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెనిసిలిన్ ఒక్క మోతాదు చాలు. వ్యాధి ముదిరినా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడు మోతాదులు ఇస్తారు. ఒకసారి నయమైనవారికి తిరిగి సోకే అవకాశం ఉన్నందున, ఏటా కనీసం ఒకసారి ఆర్.పి.ఆర్. రక్తపరీక్ష, భాగస్వామికి కూడా చికిత్స అవసరం.

గర్భిణుల విషయంలో జాప్యం తగదు. చికిత్స అందకుంటే మృతశిశు జననం, నెలలు నిండని కాన్పు సంభవించవచ్చు. గర్భస్థ శిశువుకు రక్షణ కల్పించే నమ్మకమైన మందు పెనిసిలిన్ ఒక్కటే. ఒకే రక్తపు చుక్కతో రెండు వ్యాధులనూ గుర్తించే జంట పరీక్ష కిట్లు అందుబాటులోకి వచ్చాయి.

లోపం ఎక్కడ?

మందు కొరత కన్నా పరీక్ష జరగకపోవడమే అనేక చోట్ల అసలు సమస్య. ఏ.ఆర్.టి. కేంద్రంలో మందులు తీసుకున్న వ్యక్తిని సుఖవ్యాధుల విభాగానికి పంపితే, బిడియంతో మధ్యలోనే వెనుదిరగవచ్చు. రెండు సేవలూ ఒకే చోట, ఒకే రోజు అందితే ఈ అంతరం తొలగుతుంది. 2021లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం ఐదవ దశ పేరులోనే ఎయిడ్స్‌తో పాటు సుఖవ్యాధులను చేర్చడం, తల్లి నుండి బిడ్డకు రెండింటి సంక్రమణనూ నిర్మూలించడం లక్ష్యంగా నిర్దేశించడం గమనార్హం.

బాధితుల వివరాల గోప్యతకు 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రక్షణ కల్పిస్తోంది. ఈ గోప్యతను అధికారులు, పాత్రికేయులు పాటించినప్పుడే బాధితులు నిర్భయంగా పరీక్షకు ముందుకు వస్తారు.