శాసనమునకు లొంగని శత్రువు

వేటగానిని శిక్షించుట శాసనమునకు సాధ్యము. వాననీటిని బోనెక్కించుట యసాధ్యము. కాలిఫోర్నియా తీరమందలి సముద్రపు నీటికుక్కల దుస్థితి యీ సత్యమును చాటుచున్నది.

తోలువర్తకుల యత్యాశచే నీ జాతి నశింపబోవ, 1911లో అమెరికా, బ్రిటన్, జపాను, రష్యాలు ఒడంబడిక చేసికొని నడిసముద్రమున వీని వేటను నిషేధించినవి. 1938లో బిగ్ సర్ చెంత సుమారు 50 మాత్రమే కానవచ్చెను. 1977లో అమెరికా ప్రభుత్వ శాసనరక్షణయు లభించినది. అయినను ఇటీవలి గణనలలో వీని సంఖ్య 3000 దరిదాపుననే యున్నది. సొరచేపల కాటు మొదలగు కారణములు పెక్కు గలవు. వానిలో పరాన్నజీవులు తెచ్చు మెదడువ్యాధి యొకటి.

టాక్సోప్లాస్మా యను పరాన్నజీవి పిల్లిజాతి ప్రేగులలో వృద్ధి పొంది మలముతో వెలువడును. సార్కోసిస్టిస్ న్యూరోనా యను వేఱొకదానిని ఒపోసమ్ అను జంతువు విసర్జించును. ఆ జంతువును కాలిఫోర్నియాకు దెచ్చినవారు మనుష్యులే. వానలు ఈ సూక్ష్మబీజములను కాలువలగుండ కడలి జేర్చును. నత్తలు, ఆల్చిప్పలు వానిని గ్రహించును. ఆ నత్తలను దినిన నీటికుక్క మెదడు వాచి, పలుమార్లు ప్రాణమే గోల్పోవును. 2004 ఏప్రిలులో మోరో అఖాత ప్రాంతమున 40 నీటికుక్కలు జబ్బుపడియో చచ్చియో ఒడ్డు జేరినవి. చచ్చిన నీటికుక్కలలోని టాక్సోప్లాస్మా తెగయే సమీపభూములందలి పిల్లులలోను, బాబ్‌క్యాట్లను అడవిపిల్లులలోను గలదని 2019లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది.

కొందఱు నేరమంతయు పిల్లిపై మోపి యూరకుందురు. ఇది న్యాయము గాదని మా యభిప్రాయము. పిల్లిని పెంచి వీథిని విడిచినదెవరు? మురుగును వడకట్టు చిత్తడినేలలను పూడ్చినదెవరు? వాననీటిని శుద్ధిచేయకయే సముద్రమునకు మళ్లించినదెవరు?

2006లో కాలిఫోర్నియా ప్రభుత్వము, పిల్లుల మలవిసర్జనకై యమ్ముడగు ఇసుకసంచులపై హెచ్చరిక ముద్రింపవలెనని శాసించినది. మంచిదే, కాని సంచిపైని యచ్చు కాలువలోని ప్రవాహము నాపజాలదు. పెంపుడుపిల్లిని యింటనే యుంచుట, దాని మలమును మూటగట్టి చెత్తలో వేయుట, చిత్తడినేలలను పునరుద్ధరించుట, ఈ మూడును కూడ జరుగవలెను.

ఇది జంతుప్రేమికుల గోడు మాత్రమే యని త్రోసిపుచ్చరాదు. ఈ టాక్సోప్లాస్మాయే గర్భస్థ శిశువులకును హాని చేయును. నీటికుక్క తిను ఆల్చిప్పలను మనుష్యుడును తినును. నేలను శుభ్రపఱుపక కడలిని రక్షింతుమనుట, మూలము విడిచి కొమ్మకు నీరు పోయుటయే యగును.