పెత్తనపు తాళపుచెవి

పలువురు వాడు కంప్యూటరును గూర్చి యీ మాసము ఒక మాట చెప్పదలచితిని. మా వీథి చివర స్త్రీల పొదుపు సంఘ మొకటి గలదు. అందు ఐదుగురు స్త్రీలు ఒక్క కంప్యూటరునే వంతులవారీగా వాడుదురు. పద్దులు సరిచూచుటకు మా వారిని పిలుచుచుందురు గాని, బడిపనితో వారికి తీరిక లేనప్పుడు నేనే పోవుచుందును.

2024వ సంవత్సరము జూను మాసపు పద్దు చూడగా నాకు మతి పోయినది. జూను 5వ తేదీన కట్టిన వాయిదా మే 6వ తేదీ క్రింద పడియున్నది. 7వ తేదీన కట్టినది జూలై 6కు పోయినది. 12 దాటిన తేదీలనైతే యంత్రము తేదీలుగనే గ్రహింపలేదు. గడువులోపలనే సొమ్ము చెల్లించిన కూరగాయల అవ్వకు ఆలస్యపు రుసుము పడినది! విచారింపగా, ఎవరో యంత్రములోని ప్రాంతపు అమరికను భారతదేశమునుండి అమెరికాకు మార్చియుండిరి. అమెరికావారు నెలను ముందును, దినమును పిదపను వ్రాతురు. మనవారు కొట్టిన అంకెలను యంత్రమట్లే చదివినది.

మార్చినదెవరు? అందరును ఒక్క పేరుతో, ఒక్క పాస్‌వర్డుతో ప్రవేశించుచుండిరి. ఆ పాస్‌వర్డు చీటి గోడకే అంటించియుండెను. నింద మాత్రము క్రొత్తగా చేరిన చిన్నదానిమీద పడెను. శమంతకమణి కనబడనప్పుడు నీలాపనింద శ్రీకృష్ణునంతటివానికే తప్పలేదు. ఆయనకు అడవులు వెదకి మణిని దెచ్చు సామర్థ్యముండెను. ఈ పిల్ల యేమి తెచ్చి చూపగలదు? మూడు దినములు పనికే రాలేదు.

విండోసులో ఖాతాలు ముఖ్యముగా రెండు విధములు. అడ్మినిస్ట్రేటరు ఖాతా యింటి యజమానురాలి తాళపుచెవుల గుత్తివంటిది. స్టాండర్డు ఖాతా తన గదికి మాత్రము చెల్లు చెవి. దీనితో ప్రవేశించినవారు పద్దు వ్రాయవచ్చును, అచ్చు తీయవచ్చును. యంత్రమంతటికిని వర్తించు ప్రోగ్రాములను చేర్చుట, గడియారము దిద్దుట, ఇతరుల ఖాతాలను తాకుట వారి తరము గాదు. అట్టి పని తటస్థించినప్పుడు యంత్రమే అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు నడుగును. తేదీ వ్రాయు పద్ధతివంటి అమరికలను ఎవరైనను మార్చుకొనవచ్చును గాని, ఆ మార్పు వారి ఖాతాకే పరిమితము. ప్రక్కవారు వ్రాయు తేదీలు చెడవు.

ఈ మాట చెప్పగా అధ్యక్షురాలు చిన్నబుచ్చుకొనిరి. “మావారిని నమ్మవద్దందురా, అమ్మా?” అనిరి. “నమ్మవలెననియే చెప్పుచున్నాను, మొదటి తాళము మీకే” అంటిని. పెత్తనపు ఖాతా గలవారు సైతము నిత్యకృత్యములకు స్టాండర్డు ఖాతానే వాడవలయును. ఏలయన ఆ గుత్తి చేతనుండగా దూరిన దుష్ట ప్రోగ్రామునకును అదే అధికారము సంక్రమించును. సెలవులలో వారి మేనల్లుడు పెన్‌డ్రైవుతో వచ్చి ఆటలు దింపిపోవుట నే నెరుగుదును. ఆ సంగతి వ్రాయకుండుటయే మర్యాద, గాని వ్రాసితిని.

ఆ సాయంకాలమే ఐదుగురికి ఐదు ఖాతాలు చేసితిమి. పెత్తనపు పాస్‌వర్డును కవరులో నుంచి, లక్కముద్ర వేసి, ఇనుపపెట్టెలో పెట్టితిమి.

ఇంతటితో సర్వము భద్రమనరాదు. కొన్ని ప్రోగ్రాములు పెత్తనమడుగకయే వాడుకరి గదిలో దూరి కూర్చుండును. పెన్‌డ్రైవునుండి యంత్రమును మేల్కొలుపువాడు విండోసునే తప్పించుకొనగలడు. అందులకు యంత్రపు మూల అమరికలకు వేరొక పాస్‌వర్డు పెట్టవలయును. డీప్‌ఫ్రీజ్‌ అను ప్రోగ్రాము యంత్రమును ఆర్పి వెలిగించినంతనే పూర్వస్థితికి దెచ్చును. పిల్లలు వాడు బడిలో అది మేలే గాని, పద్దుల కార్యాలయమున దానిని పెట్టువారు జాగరూకులై యుండవలెను. కాపుదలలోని భాగముననే పద్దు దాచినచో, నాడు వ్రాసినదెల్ల మరునాటికి మాయమగును! ఏ పద్ధతి యవలంబించినను వారమున కొకమారు పద్దుకు నకలు తీసి, యంత్రమునుండి విడదీసి వేరుచోట నుంచుట తప్పదు.

అవ్వ రుసుము ఆమెకు తిరిగి యిచ్చిరి. చిన్నది మరల పనికి వచ్చుచున్నది. మొన్న గడియారము దిద్దబోగా యంత్రము పాస్‌వర్డు నడిగినదట. “నేను దిద్దలేనని యిప్పుడు అదియే సాక్ష్యము చెప్పునండీ” అని నవ్వినది.