గొర్లు కాయొద్దు, బొమ్మను మాత్రం కాయాలా?

ఎండాకాలం సెలవులకు హైదరాబాద్ నుంచి మిరుదొడ్డి వచ్చిన చుట్టం ఒకాయన, కొడుకు నడుముకు తగిలించిన బొమ్మను అందరికీ చూపించి, "పిలగాడు ఇట్ల నడుస్తున్నడంటే దీని పుణ్యమే. బాధ్యత గూడ అలవాటైతుంది" అన్నాడు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా అది. చిన్న తెర, తెరలో ఒక జంతువు. పిల్లవాడు నడిస్తే డబ్బా అడుగులు లెక్కపెడుతుంది, ఆ అడుగులే జంతువుకు తిండిగా, బహుమతిగా మారతాయి. కూర్చున్నవాళ్లంతా మంచిగున్నదని తలలూపారు. ఒక్కరూ కాదనలేదు. నాకు మాత్రం ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

ముందు బాధ్యత సంగతి తేల్చుకుందాం. ఇవే నోళ్లు, చదువులో వెనకబడిన పిల్లవాణ్ని ఏమంటాయి? "చదువకుంటే గొర్లు కాయవోతవు." మిరుదొడ్డిలో, దుబ్బాకలో, సిద్దిపేటలో ఆ మాట చెవిన పడకుండా పెరిగిన పిల్లలుండరు. నేనూ ఆ మాట పడ్డాను. లెక్క తప్పు చేసినందుకు ఒక సారు నన్ను బెంచీ ఎక్కించి, తరగతంతా నవ్వేటట్టు ఆ మాట అన్నాడు. గొర్లకాపరుల పిల్లలు అదే గదిలో తలలు వంచుకొని కూర్చున్నారు. ఇంట్లో అన్నం పెట్టే పని బడిలో వాళ్లకు శిక్ష పేరుగా వినిపించింది. ఊపిరున్న జీవాన్ని కాచేది బుద్ధిలేనివాడి పని అన్నవాళ్లే, తెరమీది నల్లచుక్కల జంతువును సాకితే బాధ్యత వస్తుందని ఎట్లా చెబుతున్నారు? సిగ్గుండాలి కదా.

గొర్లు కాయడమంటే ఏమిటో ఈ మాట అనేవాళ్లకు తెలుసా? వంద జీవాల మందలో పొద్దున ఏది మేత ముట్టలేదో, ఏది కుంటుతున్నదో కాపరి కన్ను పట్టెయ్యాలి. ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానియ్యకపోతే తల్లిని ఒడిసిపట్టి పిల్లకు పాలు తాపాలి. ముసురు పట్టిన నాడు గిట్టలు చూసుకోవాలి. నట్టల మందు అదను తప్పొద్దు. ఎండలు ముదిరి చెల్కల్లో గడ్డి అడుగంటితే, మంద వెంట ఊరు విడిచి వారాల తరబడి నడవాలి. దారిలో రైతు పొలంలో రాత్రి మంద పెడితే భూమికి ఎరువు, కాపరికి ఇన్ని వడ్లో పైసలో. ఆ నడకలో ఎన్ని అడుగులు పడ్డాయో అడిగినవాడు లేడు. కొమురవెల్లి మల్లన్న మా సిద్దిపేట జిల్లా దేవుడు, గొల్ల కురుమల కులదైవం, గొల్ల కేతమ్మను పక్కన నిలుపుకున్నవాడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆయనకు జాతర చేసి, ఒగ్గువాళ్లు కథ చెబుతుంటే రాత్రంతా కూర్చుని విని, సోమవారం పొద్దున బడికి పోయి పిల్లవాణ్ని గొర్లు కాయపొమ్మని తిట్టే జనం మనం.

2017 జూన్ 20న ఇదే జిల్లాలో, కొండపాకలో, గొల్ల కురుమలకు సర్కారు గొర్ల పంపిణీ పథకం మొదలైంది. ఒక్కో యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు. ఖర్చు 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. ఆ పథకంలో అక్రమాలు జరిగాయని తర్వాత ఏసీబీ కేసులు పెట్టింది. ధర పెంచిన రెండో విడతలో 43,750 రూపాయలు వాటా కట్టి, గొర్లు రాక కండ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్లున్నారు. దాని మీద ఎంత కోపమైనా న్యాయమే. కానీ అప్పుడు చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా విన్న ఆక్షేపణ ఇది కాదు. "గొర్లిచ్చి వాళ్లను గొర్లకాపరులుగనే ఉంచుతరా?" అన్నది. చదువియ్యమని అడగడం న్యాయం, గట్టిగా అడగాలి కూడా. ఆ అడగడంలో కాపరి పని మీద ఉన్న ఏవగింపును మాత్రం నేను క్షమించలేను. ఆ ఏవగింపే ఇవాళ బొమ్మ కొనిస్తున్నది. పేడ వాసన లేని, చావు లేని, చేతికి మట్టంటని సాకుడు వీళ్లకు కావాలి.

చావు లేని అని ఊరికే అనలేదు. జపాన్‌లో బందాయ్ కంపెనీ 1996 నవంబరులో తమగోచి అనే గుడ్డు ఆకారపు బొమ్మను దించింది. తిండి పెట్టకపోతే తెరలో జంతువు చస్తుంది. కానీ బటన్లు నొక్కితే మళ్లీ కొత్త గుడ్డు. దాన్ని తయారుచేసిన ఇద్దరికి మరుసటి ఏడే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు, లక్షల కొద్దీ పనిగంటలను లేని జంతువుల పెంపకానికి మళ్లించినందుకు. 1998లో నింటెండో ఇంకో మెట్టెక్కి, పికాచు అనే జంతువున్న ఇట్లాంటి బొమ్మలో అడుగుల లెక్కను కలిపింది. 20 అడుగులకు ఒక 'వాట్'. ఆ వాట్లు కానుకగా ఇస్తే పికాచు మురుస్తుంది. 2009లో పోకేవాకర్ అనే ఇట్లాంటిదే ఇంకో డబ్బా వచ్చింది, లెక్క మళ్లీ అదే, 20 అడుగులకు ఒక వాట్. చూశారా, నడకకు కూలి రేటు కట్టారు! కూలి వస్తేనే కాలు కదిపే పిల్లవాడు కూలి ఆగిన నాడు ఎందుకు కదుపుతాడు? పైగా నడవకుండా డబ్బాను చేత్తో ఊపినా లెక్క పెరుగుతుంది. ఈ కిటుకు పిల్లలకు మొదటి రోజే తెలిసిపోతుంది. బాధ్యత నేర్పుతుందన్న బొమ్మ ముందుగా నేర్పేది దొంగలెక్క.

నడక పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కొన్నాళ్లు. 2016లో నడుస్తూ ఆడే పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చినప్పుడు అమెరికాలో దాన్ని ఆడిన యువతీయువకుల అడుగులు కొలిచి చూశారు. మొదటి వారం రోజుకు సగటున 955 అడుగులు పెరిగాయి, ఆరో వారానికి మళ్లీ పాత లెక్కకే వచ్చాయి. ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన సంగతి ఇది. ఆ డిసెంబరులో మన దేశంలో అదే ఆటను జియోతో కలిసి దించారు. జియో దుకాణాలే ఆటలో మజిలీలయ్యాయి. పిల్లలు నడిచి చేరవలసిన చోటు చివరికి ఒక దుకాణం.

అందరూ జపించే పదివేల అడుగులు కూడా ఏ పరిశోధనలోనో తేలిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ అడుగుల మీటరు అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరు అది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల ముప్పు బాగా తగ్గింది, 7,500 దాటాక అదనపు మేలేమీ కనబడలేదు. ఇదంతా పక్కన పెట్టి, నంబరు నిండలేదని రాత్రి పదింటికి గదిలో గుండ్రంగా తిరిగేవాళ్లను చూస్తున్నాం. గడ్డిమోపు తలకెత్తుకొని చేత్తో పట్టుకున్న ఆడమనిషికి అడుగులు లెక్కపెట్టే చేతిపట్టీ కట్టి చూడండి. చెయ్యి ఊగదు కాబట్టి ఆమె నడిచిన దూరంలో చాలా భాగం దానికి లెక్కకే రాదు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే దుబ్బాక ఆడవాళ్ల కష్టానికి అది సున్నా వేస్తుంది.

 

అసలు పిల్లల నడకను తీసేసిందెవరు? పొద్దున ఏడు గంటలకు ఇంటి ముందర హారన్ కొట్టే బడి వ్యాను. పక్క వీధి బడికి కూడా బండి మీద దించిపోయే నాయన. గూడెం నుంచి మిరుదొడ్డి బడికి నడిచొచ్చే పిల్లను చూసి జాలిపడే మన చూపు. ఉన్న నడకను మనమే గుంజుకొని, డబ్బు పోసి లెక్కను కొనిస్తున్నాం.

పట్నంలో గొర్లెక్కడివి అని అడుగుతారు, తెలుసు. గొర్రే కానక్కర లేదు. కోడిపిల్లలున్నాయి, వీధిలో కుక్కపిల్లలున్నాయి, తాతల ఊళ్లున్నాయి. సెలవులకు వచ్చిన పిల్లను ఒక్క వారం మంద వెనక పంపండి, కూడవెల్లి వాగు దాకా నడవనివ్వండి. జ్వరం పట్టిన గొర్రెపిల్ల తెల్లారేసరికి చచ్చిపోతే ఏడవనివ్వండి. అక్కడ కొత్త గుడ్డు తెచ్చే బటను ఉండదు.

సార్లను అడిగేది ఒకటుంది. ఆ తిట్టు ఇక మానండి. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు ఊళ్లోని ఒక గొర్లకాపరిని పిలిచి, జబ్బు చేసిన జీవాన్ని ఎట్లా గుర్తుపట్టాలో, ఏ నెలలో ఏ మేత ఎక్కడ దొరుకుతుందో ఒక పూట పాఠం చెప్పించండి. శాలువా కప్పి పంపొద్దు. పాఠం చెప్పినందుకు సారుకిచ్చినట్టే ఆయనకూ పైసలివ్వండి.