నిక్షేపమా, పరిగ్రహమా? – పాత గ్రామఫోను ప్లేట్ల విషయమై ఒక ధర్మవిచారము



గత మాఘమాసంలో ఒకనాటి ఉదయం, అర్చన ముగిసి తీర్థప్రసాదాలు ఇస్తున్న వేళ, ఒక వృద్ధురాలు మంటపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. జనం పలచబడిన పిదప నెమ్మదిగా దగ్గరకు వచ్చి, "స్వామీ, మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పోగుచేసిన ప్లేట్లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. అన్నీ దేవుడి పాటలూ, నాటకం పద్యాలూ. పిల్లలు తీసేయమంటున్నారు. పాత సామాన్ల వాడికి వేస్తే పాపమా?" అని అడిగారు.

శాస్త్రవాక్యం ఒకటి చెప్పి ఆమెను పంపివేయడం కష్టం కాదు. కాని నోట మాట రాలేదు. అదే ప్రశ్న మా ఇంటి అటక మీద ఎనిమిదేళ్లుగా ఉన్నది. "కొన్నాళ్లు ఆగండమ్మా, ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆ ఆలోచనయే ఈ వ్యాసం. నాకు తోచినది ముందే చెబుతాను: ఇటువంటి వస్తువు మన సొత్తు కాదు, మన వద్ద ఉంచబడిన నిక్షేపము. కనుక "ఉంచుకోవలెనా, వదలుకోవలెనా" అన్నది అసలు ప్రశ్న కాదు. "ఇది ఎవరి చెవికి చేరవలెను?" అన్నది ప్రశ్న.

మా తండ్రిగారు కూడా అర్చకులే. ఆయనకు లౌకికమైన ఆశ ఒక్కటే ఉండేది, గ్రామఫోను. సంభావనలో మిగిలిన రూకలతో కొన్న ప్లేట్లు నూట నలభైకి పైగా ఉన్నాయి. పౌరాణిక నాటక పద్యాలు, హరికథాభాగాలు, నాదస్వరం, త్యాగరాజ కృతులు మొదలైనవి 78 వేగపు లక్క ప్లేట్లు. తరువాతి కాలపు ఎల్.పి.లలో 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం, 1974లో పరమపదించిన ఘంటసాల వారు తమ చివరి కాలంలో గానం చేసిన భగవద్గీత ఉన్నాయి. ఏకాదశి సాయంకాలాల్లో కడప బండలు పరచిన మా ముందుగదిలో ఆయన కీ తిప్పి, ముల్లు మార్చి, ప్లేటు వేసేవారు. వీధి అరుగుల మీద పెద్దలు, గడపలో స్త్రీలు, వాకిట పిల్లలము కూర్చుండేవారము. ఒక్కొక్క వైపు మూడు మూడున్నర నిమిషాలే. అది ముగిసినప్పుడు కలిగే నిశ్శబ్దం నాకు నేటికీ జ్ఞాపకం ఉన్నది.

ఇప్పుడు మిద్దె మరమ్మతుకు వచ్చినది. అటక ఖాళీ చేయవలెను. నా కుమారుడు హైదరాబాదు నుండి వచ్చి, "నాన్నా, ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి. ఇంత బరువు దేనికి?" అన్నాడు. నా సహధర్మచారిణి, "ఎనిమిదేళ్లలో మీరు ఒక్కటైనా విన్నారా?" అని మాత్రమే అడిగింది. కుమారుని మాటకు నా వద్ద సమాధానం ఉన్నది. ఆమె మాటకు లేదు.

మొదట త్యాగపక్షాన్ని న్యాయంగా పరిశీలిద్దాం. యోగశాస్త్రం యమములు ఐదింటిలో అపరిగ్రహాన్ని చెప్పినది. ఈశావాస్యోపనిషత్తు తన మొదటి మంత్రంలోనే ఈ జగత్తంతా ఈశ్వరునిచే ఆవరింపబడినదని చెప్పి, త్యాగభావంతో అనుభవించమని, ఇతరుల ధనానికి ఆశపడవద్దని బోధిస్తున్నది. భక్తిగీతాలైనంత మాత్రాన పోగుచేయడం పరిగ్రహం కాకపోదు. దైవనామం చెక్కిన వెండిపళ్లెం మీద మమకారం కూడా మమకారమే. పైగా మనది శ్రుతిసంప్రదాయం. వేదాన్ని గురుముఖతః, చెవి ద్వారా స్వీకరించినాము. వ్రాతప్రతిని చూసి చదివేవానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. "వేదానికే యంత్రం అవసరం కాలేదు, నాటకపద్యానికి ఎందుకు?" అని నా సహాధ్యాయి ఒకరు పరిహసించారు.

ఈ వాదంలో బలం ఉన్నది. కాని ఇది సగమే సత్యం. వేదం కంఠంలో నిలిచినదంటే దానికి పద, క్రమ, జటా, ఘన పాఠాలనే ప్రాకారాలు ఉన్నాయి. ఒక్క స్వరం తప్పినా పట్టి ఇచ్చే కట్టుబాటు అది. అంతటి కట్టుబాటు ఉండియు నష్టం తప్పలేదు. పతంజలి మహాభాష్యంలో ఋగ్వేదానికి 21 శాఖలు, సామవేదానికి 1000 మార్గాలు చెప్పబడినాయి. నేడు అధ్యయనంలో ఉన్నవి వేళ్ల మీద లెక్కించదగినవి. వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వ కళాఖండంగా ప్రకటించినది. ఆ గౌరవం ఎంతటిదో, పోయిన శాఖల సంఖ్య అంతటి హెచ్చరిక. వేదానికే ఇట్లు జరిగితే, ఏ ప్రాకారమూ లేని రంగస్థల పద్యపు బాణీకి, హరిదాసు నడకకు దిక్కెవరు? శిష్యపరంపర తెగిన చోట ఆ లక్క ప్లేటే గురువు.

మన సీమలోనే ఇందుకు రెండు దృష్టాంతాలు ఉన్నాయి.

మొదటిది తాళ్లపాక. రాజంపేట సమీపాన ఉన్న ఆ గ్రామంలో 1408లో జన్మించి 1503లో స్వామిసాయుజ్యం పొందిన అన్నమాచార్యులు మన దేవుని కడప శ్రీ వేంకటేశ్వరుని కూడా కీర్తించారు. ఆయన కుటుంబీకులు ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండాగారంలో భద్రపరిచారు. రెండు వేలకు పైగా రేకులు. నిప్పుకు, చెదకు లొంగని లోహం. భద్రత విషయంలో ఇంతకంటె ఏమి చేయగలరు? కాని శతాబ్దాల పాటు ఆ గది మరుగున పడినది. ఇరవయ్యవ శతాబ్దిలో రేకులు వెలుగు చూచి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు పరిష్కరించే నాటికి సాహిత్యం మిగిలినది, ప్రతి కీర్తనకు రాగం పేరు మిగిలినది, బాణీ మాత్రం మిగలలేదు. నేడు మనం వినే వరుసలు చాలా వరకు ఆధునికులు కూర్చినవి. వస్తువు దక్కినది, నాదం దక్కలేదు. దాచడం వేరు, నిలుపుకోవడం వేరు అని ఆ రాగిరేకులు మనకు చెబుతున్నాయి.

రెండవది బ్రౌను దొర. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత ధనంతో పండితులను నియమించి, తాళపత్రాలను సేకరించి, పాఠాలు సరిచూపించి, కాగితం మీదికి ఎత్తి వ్రాయించాడు. తరువాత ఆ సంపదను తనతో పట్టుకుపోక, మద్రాసులో పదుగురికి అందుబాటులో ఉండే చోటికి చేర్చాడు. ఆయన నివసించిన స్థలంలోనే నేడు సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం నిలిచి ఉన్నది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల దానికి మూలం. బ్రౌను చేసినదేమిటి? పోగుచేశాడు, ప్రతి తీయించాడు, అప్పగించాడు. ఈ మూడింటిలో మూడవది చేయకపోతే మొదటి రెండూ అతని బంగళాతోనే శిథిలమై ఉండేవి.

ధర్మశాస్త్రంలో ఈ స్థితికి ఒక పేరున్నది. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో రెండవది నిక్షేపం. నమ్మి దాచమని ఇచ్చిన వస్తువును ఇచ్చిన రూపంలోనే తిరిగి అప్పగించవలెను. దానిని తనదిగా భావించినవాడు దోషి, పాడుచేసినవాడు కూడా దోషియే. మా తండ్రిగారు నాకు ఇచ్చినవి ఆస్తి కాదు. ఆ గాయకులు, ఆ కవులు, ఆ వాద్యకారులు తమ నాదాన్ని రాబోయేవారి కోసం ఉంచారు. దారిలో అది నా చేతికి వచ్చినది. ఋషిఋణం అధ్యయనంతో, అధ్యాపనంతో తీరుతుంది కాని, పెట్టెకు తాళం వేయడంతో తీరదు.

ఇక కుమారుని మాట. "అన్నీ యూట్యూబులో ఉన్నాయి" అన్నది నిజమేనా? ఒక సాయంకాలం ఇద్దరం కూర్చుని పరీక్షించాము. సుప్రభాతం, భగవద్గీత వంటివి తక్షణం దొరికాయి. నాటకపద్యాలలో సగం దొరికాయి. పదునాలుగు ప్లేట్ల జాడ మాకు ఎక్కడా కనబడలేదు. దొరికినవైనా ఎక్కడి నుండి వచ్చాయి? ఎవరో ఒకరు లక్క ప్లేటును అటక మీద పగలకుండా కాపాడినందువల్లనే కదా. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి ఇచ్చిన తొలినాటి ముద్రణలను నేడు వినగలుగుతున్నామంటే కారణం అటువంటివారే. మన తెలుగువారిలో చెన్నపురివాసి వి.ఎ.కె. రంగారావు గారు వేలాది ప్లేట్లను సేకరించి, వాటి చరిత్రను వ్యాసాలుగా అందించారు. ఆకాశంలో కనబడే మేఘానికి కూడా మూలం ఎక్కడో ఒక జలాశయమే.

అయితే దానం చేస్తే చాలునా? ఇక్కడ నా అపరాధం ఒకటి చెప్పుకోవలెను. పన్నెండేళ్ల క్రితం, తండ్రిగారు సజీవులై ఉండగానే, ఆయన అనుమతితో ముప్పై ప్లేట్లను ఒక గ్రంథాలయానికి ఇచ్చాను. శాలువ కప్పారు, ఛాయాచిత్రం తీశారు. రెండేళ్ల తరువాత వెళ్లి చూస్తే అవి కారుతున్న గోడ ప్రక్కన, పాత వార్తాపత్రికల క్రింద, ఒకదానిపై ఒకటి పేర్చబడి ఉన్నాయి. పదకొండు పగిలినాయి. మిగిలినవాటికి బూజు. ఆ సంస్థను నిందించను. వినిపించే యంత్రం వారికి లేదని ఇచ్చే ముందు నేను అడిగి తెలుసుకోలేదు. దేశకాలపాత్రములు చూడక ఇచ్చినది సాత్త్వికదానం కాదని గీతలో పదిహేడవ అధ్యాయం పాఠం చెప్పే నేను, ఆ రోజు చేసినది దానం కాదు, భారం దించుకోవడం. తండ్రిగారికి ఈ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు. ఎనిమిదేళ్లుగా నేను పెట్టె తెరవకపోవడానికి అసలు కారణం ఇదే.

గత నెల తెరిచాను. ప్రతి ప్లేటు కాగితపు సంచి మీద తండ్రిగారు పెన్సిలుతో తిథి వ్రాసి, ఆ రోజు ఏమేమి వేసినదీ, ఎవరెవరు విన్నదీ గుర్తు పెట్టి ఉన్నారు. ఆ అక్షరాలు చూస్తూ ఒక గంట కూర్చున్నాను. అప్పుడు బోధపడినది: నేను వదలలేకపోతున్నది నాదాన్ని కాదు, ఆ చేతివ్రాతను. మమకారం ఎక్కడున్నదో తెలిస్తే వివేకానికి దారి సులభం. పుత్రధర్మం వేరు, నిక్షేపధర్మం వేరు. రెండింటినీ కలిపివేయడం వల్లనే ఇంతకాలం చిక్కు.

నేను అనుసరిస్తున్న క్రమం ఇది. ఇటువంటి సంపద ఇంట ఉన్న సాధకులకు ఉపకరిస్తుందని వ్రాస్తున్నాను.

మొదట, పట్టిక వ్రాయవలెను. పాడినవారి పేరు, ప్లేటు మధ్యనున్న సంఖ్య, స్థితి. పట్టిక లేని సేకరణ, సంకల్పం లేని పూజ వంటిది.

రెండవది, రక్షణ. ప్లేట్లను పడుకోబెట్టి పేర్చరాదు, నిలువుగా ఉంచవలెను. మన కడప ఎండలకు రేకులకప్పు క్రింద ఎల్.పి.లు వంగిపోతాయి. లక్క ప్లేట్లను స్పిరిటుతో తుడిస్తే లక్క కరుగుతుంది. మెత్తని పొడిగుడ్డ చాలును. పాత ఉక్కుముల్లు ప్రతిసారి ప్లేటును కొంత అరగదీస్తుంది. కనుక అరుదైనదానిని తెలిసినవారి చేత తేలికపాటి ముల్లుతో ఒకసారి డిజిటల్ ప్రతి తీయించి, తరువాత ఆ ప్రతిని వినవలెను.

మూడవది, పాత్రపరీక్ష. ఎక్కడా దొరకనివాటిని ప్రతి తీసి అందరికీ వినిపించే సంస్థకే ఇవ్వవలెను. బెంగళూరులో విక్రమ్ సంపత్ గారు స్థాపించిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ అటువంటిది. ఎవరికి ఇచ్చినా మూడు ప్రశ్నలు అడగవలెను: వినిపించే యంత్రం ఉన్నదా? ప్రతి తీస్తారా? కోరినవారికి వినిపిస్తారా? సులభంగా దొరికేవాటిని యంత్రం ఉన్న రసికుల ఇంటికి ఇవ్వవచ్చు. మనమే ప్రతులు తీసి లోకంలో పెట్టేటప్పుడు అస్తేయం మరువరాదు. ధ్వనిముద్రణ వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు మన చట్టం దానిపై హక్కును కాపాడుతున్నది.

నాలుగవది, పూర్తిగా పగిలినవి. వాటిలో నాదం లేదు. ఘటం పగిలిన పిదప ఘటాకాశం కోసం శోకించేదేమున్నది? నమస్కరించి వదలవచ్చు. దేవుని పేరున్నదని పెన్నలో వేయకండి. ఆ నదికి ఉన్న కష్టాలు చాలును.

నా పదునాలుగు ప్లేట్లకు ప్రతులు సిద్ధమవుతున్నాయి. అవి సంచులతో సహా వెళతాయి. ఏకాదశి నాడు కడపలో ఒక వీధి ఏమి విన్నదో కూడా చరిత్రయే కదా. నా కోసం మూడు ఉంచుకున్నాను. ఒక నియమం పెట్టుకున్నాను: ఒక సంవత్సరం గడిచినా వాటిని పదిమందితో కలిసి వినకపోతే, అవి కూడా వెళ్లవలెను. గడచిన ఏకాదశికి ముందుగది తలుపులు తెరిచి ఒకటి వేశాను. వచ్చినవారు ఐదుగురు. నా సహధర్మచారిణి గడపలో కూర్చున్నది.

ఆ వృద్ధురాలు మొన్న మళ్లీ వచ్చారు. "అమ్మా, పాత సామాన్ల వానికి వేయడం పాపమా కాదా అన్నది తరువాత చూద్దాం. ముందు పెట్టె తెరిచి ఒక్కొక్కటి ఏమిటో వ్రాసి తీసుకురండి. వచ్చే ఏకాదశికి మీవారు ఎక్కువగా వేసుకున్నది ఒకటి తీసుకురండి, కలిసి విందాం" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "ఏదో నాకు తెలుసు స్వామీ" అన్నారు.

స్వస్తి.