చప్పట్లు సరే, గాలి పంపు ఏది?



మొన్న ప్రార్థనలో సార్ జ్యోతి కుమారి గురించి చెప్పినప్పుడు మనమందరం చప్పట్లు కొట్టాం. నేనూ గట్టిగానే కొట్టాను. కాని రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చి నిద్ర పట్టలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను. తప్పయితే చెప్పండి, దిద్దుకుంటాను.

ఆ రోజు రాని వాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. జ్యోతిది బీహార్ రాష్ట్రం, దర్భంగా జిల్లా, సిర్హుల్లి గ్రామం. వాళ్ళ నాన్న ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో ఈ-రిక్షా తోలేవాడు. ప్రమాదంలో దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. ఆయన్ను చూసుకోవడానికి జ్యోతి వెళ్ళింది. ఇంతలో 2020 మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌన్ వచ్చింది. రైళ్ళు ఆగిపోయాయి, సంపాదన లేదు, ఇంటి అద్దెకు డబ్బుల్లేవు. మే నెలలో ఒక పాత సైకిల్ కొని, నాన్నను వెనక కూర్చోబెట్టుకుని, సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి చేరింది. అప్పటికి ఆమెకు 15 ఏళ్ళు. అంటే మన పదో తరగతి అక్కల వయసు.

ఆ తర్వాత అందరూ మెచ్చుకున్నారు. సైకిల్ పోటీల సమాఖ్య వాళ్ళు పరీక్షకు రమ్మన్నారు. అప్పటి అమెరికా అధ్యక్షుడి కూతురు కూడా పొగిడింది. 2021లో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం వచ్చింది. అదే ఏడాది వాళ్ళ నాన్న గుండెపోటుతో చనిపోయాడు.

ఇప్పుడు నా అభిప్రాయం. రోగుల కోసం చందాలు పోగుచెయ్యడానికి తండ్రీబిడ్డలు కలిసి వందల కిలోమీటర్లు సైకిల్ తొక్కడం చాలా దేశాల్లో ఉంది. అది మంచి పని. వాళ్ళు ఇష్టపడి బయల్దేరతారు, అలిసిపోతే ఆగిపోతారు. జ్యోతికి ఆగే వీలు లేదు. వాళ్ళది దానం కోసం చేసే ప్రయాణం. జ్యోతిది సాయం అందక చేసిన ప్రయాణం. రెండింటికీ ఒకే రకం చప్పట్లు కొడితే ఎట్లా?

మన డార్మిటరీలో ఒక అక్క, "కష్టపడితేనే గదా మనిషి గట్టిపడేది" అన్నది. నిజమే. కాని ఆ కష్టం తప్పించగలిగి కూడా ఎవరూ తప్పించకపోతే, ఆ పిల్ల గట్టిదని మెచ్చుకుని ఊరుకోవడం న్యాయం కాదు. దారిలో వాళ్ళకు కొందరు అన్నం, నీళ్ళు ఇచ్చారట. వాళ్ళ పేర్లు పేపర్లో రాలేదు. నాకు మాత్రం వాళ్ళే గొప్పవాళ్ళు.

ఇంత దూరం సంగతి ఎందుకంటారా? నా సంగతి చెబుతాను. దసరా సెలవులయ్యాక మా నాయన నన్ను సైకిల్ మీదే తీసుకొచ్చాడు. మా ఊరి నుంచి ఇక్కడికి 22 కిలోమీటర్లు. ట్రంకు పెట్టె వెనక కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టాడు. వాగు దగ్గర పెట్టె నేను మోశాను, సైకిల్ ఆయన భుజాన వేసుకున్నాడు. తర్వాత ముల్లు దిగి టైరు గాలి పోయింది. ఆఖరి 5 కిలోమీటర్లు నడిచాం. గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకింది.

ఆడపిల్లల హాస్టల్‌లోకి మగవాళ్ళు రాకూడదు. ఆ రూలు మంచిదే, మన కోసమే పెట్టారు. కాని మా నాయన నీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడి, "బాగా చదువుకో బిడ్డా" అని, గాలి లేని సైకిల్ తోసుకుంటూ చీకట్లో వెళ్ళిపోయాడు. నేను లోపల వేడి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. మీలో ఎంతమంది నాయనలు ఇట్లా వెనక్కి పోయారో లెక్కపెట్టుకోండి.

అందుకని వార్డెన్ మేడం గారికి మూడు మనవులు.

1. గేటు బయట వేపచెట్టు కింద ఒక నీళ్ళ కుండ, గ్లాసు పెట్టించాలి.

2. వాచ్‌మన్ తాత దగ్గర ఒక గాలి పంపు, పంక్చర్ సామాను ఉంచాలి.

3. సెలవులయ్యాక తెరిచే రోజున, దూరం నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గేటు బయటే ఒక పూట అన్నం పెట్టాలి. పొద్దుపోతే బడి వరండాలో పడుకోనివ్వాలి.

బియ్యానికి లెక్క ఉంటుందని మాకు తెలుసు. ఆ రోజు తలా ఒక గరిటె తగ్గించుకుందాం. పంపుకు తలా 5 రూపాయలు వేసుకుందాం. నా వంతు లీడర్ అక్కకు ఇచ్చేశాను. అక్కలారా, చెల్లెళ్ళారా, ఇది మన దానం.

సంక్రాంతి సెలవులకు ముందే ఇది జరిగితే, ఈసారి మా నాయన గాలి ఉన్న సైకిల్ మీద ఇంటికి పోతాడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.