పాత సిస్టమ్‌లు, కొత్త దొంగలు

2017 మేలో వాన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. అప్పటికి మద్దతున్న విండోస్‌లకు విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా మునిగారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మీసేవ, నెట్ సెంటర్లు ఇది గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 చిప్ కావాలి. పాత సిస్టమ్‌లు చాలావాటిలో అది ఉండదు.

విండోస్‌కు బదులు వాడదగ్గ లినక్స్ పాతవాటి మీదా నడుస్తుంది, అప్‌డేట్లూ ఉచితమే. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా అదే. చిక్కల్లా వేలిముద్ర యంత్రంతోనే: డ్రైవర్ తరచూ విండోస్‌కే దొరుకుతుంది. లినక్స్ డ్రైవర్ ఇవ్వని యంత్రం కొనబోమని ప్రభుత్వం షరతు పెట్టొచ్చు కదా! ఈలోగా రూటరుకు 'అడ్మిన్' అనే పాత పాస్‌వర్డే ఉంటే మార్చడానికి పైసా ఖర్చు లేదు.

స్పామ్ కథ వేరు. శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైలును ఇన్‌స్టాల్ చేయడానికి ఆండ్రాయిడ్ మన అనుమతి అడుగుతుంది. 'అలౌ' నొక్కేది మనమే. అలా డబ్బు పోతే బ్యాంకు చుట్టూ తిరిగే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.