కారుకూ తూములుంటాయి

కిందటి వర్షాకాలంలో ఓ రోజు పొద్దున్నే మా ఆవిడ కారెక్కబోయి, కాలు లోపల పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఏమండీ, ఇక్కడెవరైనా బిందె బోర్లించారా?" అంది. వంగి చూద్దును గదా, ఎడమవైపు సీటు ముందు పట్టా నిండా నీళ్లు! తలుపులు వేసే ఉన్నాయి. అద్దాలు ఎత్తే ఉన్నాయి. పైకప్పు చెక్కుచెదరలేదు. మరి నీళ్లెక్కణ్నుంచి వచ్చినట్టు?

ఓ పెద్ద వర్క్‌షాపుకు తీసుకువెళ్లాను. వాళ్లు తలుపు రబ్బరు మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ వాన, మళ్లీ నీళ్లు. ఈసారి ముందు అద్దం ఊడదీసి మళ్లీ అతికించారు. ఆ బిల్లు ఎంతైందో మా ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడ సీరియల్ చదివేసి ఈ పేజీ తిప్పేస్తుందన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను. మూడో వానకూ పట్టా తడిసింది.

చివరికి మా వీధి మలుపులో రిపేర్లు చేసే ముసలి మేస్త్రీని ఆశ్రయించాను. ఆయన తలుపు జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జల్లెడ విప్పి, ఆ సందులో చెయ్యి పెట్టి రెండు గుప్పిళ్ల కుళ్లిన కానుగాకు బయటికి లాగాడు. "తూము పూడిపోయింది బాబూ" అన్నాడు.

కారుకు తూమేమిటని నేనూ మీలాగే తెల్లబోయాను. అసలు సంగతేమిటంటే, కారు నీళ్లు చొరని డబ్బా కాదు. నీళ్లు వస్తాయని ముందే ఒప్పుకుని, వాటిని మర్యాదగా సాగనంపే ఏర్పాటు అందులో ఉంది. పాత అంబాసిడర్ ఎక్కినవారికి జ్ఞాపకముండే ఉంటుంది: తలుపుల పైన, ఇంటి చూరుకు తగిలించిన రేకు దోనెలాగా, సన్నని కాలువ ఒకటి కనిపించేది. 2014లో ఆ బండి తయారీ ఆగిపోయింది. ఇప్పటి బళ్లలో కాలువలన్నీ అందం కోసం చాటున పెట్టేశారు. కనపడనిదాన్ని కడిగేదెవరు?

ముందు అద్దం మీద పడిన వానంతా ఆ జల్లెడ గుండా కింది తొట్టిలోకి దిగి, అక్కణ్నుంచి పక్కనున్న దారుల వెంట నేలమీద పడాలి. ఆకులు అడ్డం పడితే తొట్టి నిండుతుంది. కారు లోపలికి గాలి పీల్చే కంత కూడా అక్కడే ఉంది. నీళ్లు ఆ కంతదాకా లేచాయంటే, ఇక తిన్నగా మా ఆవిడ కాళ్ల దగ్గరికే.

తలుపుల సంగతి మరీ విచిత్రం. అద్దం దిగే సందులోని రబ్బరు నీటిని తుడుస్తుందేగాని పూర్తిగా ఆపదు. ప్రతి వానకూ తలుపు కడుపులోకి కాసిని నీళ్లు పోతూనే ఉంటాయి. అడుగంచున ఉన్న కంతల్లోంచి కారిపోతూనే ఉంటాయి. తలుపు తీసినప్పుడు లోపల గుడగుడమంటే ఆ కంతలు మట్టితో పూడాయన్నమాట. సన్‌రూఫ్ ఉన్న బళ్లలో దాని చుట్టూ కాలువ, మూలల నుంచి కిందికి దిగే గొట్టాలు ఉంటాయి.

మేస్త్రీ పట్టా ఎత్తి చూపించేసరికి నా గుండె జారింది. అడుగు రేకంతా ఇటుకపొడి రంగు. స్క్రూడ్రైవర్ మొనతో తడితే పెచ్చు ఊడివచ్చింది, సీటు బిగించిన బోల్టుకు జానెడు దూరంలో. "ఇంకో రెండు వానాకాలాలు వదిలేస్తే ఈ సీటు దేన్ని పట్టుకుని ఉంటుంది బాబూ?" అన్నాడు. ఆ సీట్లో కూర్చునేదెవరో నాకు తెలుసు. ఈ తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. రంగు పొంగి మన కంటబడేసరికి లోపల చాలా దూరం పోయి ఉంటుంది. ఆ రోజే రేకు గీకించి, ముక్క వెల్డింగ్ చేయించి, రంగు వేయించాను.

ఇంతా చేసి ఇది చెంబెడు నీళ్లతో కనిపెట్టగల జబ్బు. ఆకులు ఏరేసి, తొట్టిలో నెమ్మదిగా నీళ్లు పోసి, కిందికి వంగి చూడండి. ధార పడితే సరే. చుక్కచుక్కగా పడితే మెత్తని నైలాను తీగ దూర్చండి. ఇనపచువ్వ వద్దు, గొట్టం చిల్లిపడుతుంది. గాలి జోరుగా కొట్టించడమూ వద్దు. గొట్టం లోపలెక్కడో ఊడితే మొదటికే మోసం. తలుపు కంతలకు చీపురుపుల్ల చాలు. బండి అడుక్కి నల్లరంగు కొట్టించేవారు కంతలను మూయనివ్వకండి. అన్నట్టు, వాన లేని రోజున, ఏసీ వేసినప్పుడే పట్టా తడిస్తే ఈ తూముల తప్పేమీ లేదు; ఏసీ నీళ్లు పోయే గొట్టం చూపించుకోండి.

కానుగచెట్టు కొట్టించెయ్యమని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. ఎండాకాలం ఆ నీడలో బండి పెట్టుకునేవాణ్ని, నాకు మనసొప్పలేదు. పూలు రాలడం కాగానే జల్లెడ విప్పుతున్నాను. మొన్న చెంబు పట్టుకుని బానెట్ మీదికి వంగి ఉండగా మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "అభిషేకమయ్యాక కాఫీ చల్లారిపోతుంది, రండి" అంది.